దూరాల కొండను కాపాడిన విధం

ఒక పెద్ద అడవిలో, అన్నిటికంటే ఆ చివర, దూరాల కొండ అని ఒక కొండ ఉండేది. ఎత్తును బట్టో అందాన్ని బట్టో వచ్చిన పేరు కాదది. ఎవరిని అటు రమ్మని పిలిచినా "అమ్మో, అంత దూరమే!" అని కూలబడేవారు గనక ఆ పేరు పడింది.

ఎవరూ రాకపోవడమే ఆ కొండకు పెట్టని కోట అయింది. కొండంతా మోకాలెత్తు పచ్చగడ్డి. దాన్ని అడవిదున్నల మంద మేసేది, అది మళ్ళీ మొలిచేది. కొండ నడుమ రాతి పగుల్లోంచి ఒక ఊట పుట్టి, వాగై కిందికి దిగి, అడవంతా పారేది. ఆ నీళ్ళు తాగేవాళ్ళలో ఒక్కరు కూడా ఇవి ఎక్కడినుంచి వస్తున్నాయని అడిగిన పాపాన పోలేదు. వస్తున్న నీళ్ళ గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆగిపోతే కదా అడిగేది!

ఆ కొండమీద గుబురన్న అనే ఎలుగుబంటి కాపురం ఉండేవాడు. ఒంటినిండా బొచ్చు, మనసు మాత్రం మెత్తన. పొద్దున్నే చెదపుట్టల్లో మూతి పెట్టి పీల్చడం, ఎండెక్కాక తునికి చెట్టు నీడన వెల్లకిలా పడుకోవడం, చల్లబడ్డాక ఊట దగ్గర కూర్చుని కాళ్ళు తడుపుకోవడం. ఇంతే ఆయన జీవితం. "ఈ కొండలాంటి కొండ ఇంకెక్కడా లేదు" అని రోజూ గొణుక్కునేవాడు. మిగతా కొండలేవీ ఆయన చూసినవాడు కాదు. ప్రేమకు అవన్నీ చూడాల్సిన పని లేదు.

ఒకనాడు ఊటకు పోయే దారిలో గుబురన్న కాలు గుంటలో పడింది. నిన్న అక్కడ గుంట లేదు. కాలు పైకి తీసుకునేలోపు లోపలినుంచి ఒక పందికొక్కు తల బయటపెట్టింది. దాని మూతినిండా తెల్లమట్టి.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు గుబురన్న.

"భూషణం అంటారండి. గుంటల భూషణం. పందికొక్కుల్లో మాది కొంచెం పేరున్న కుటుంబం."

"ఇక్కడేం పని?"

"కొండ బాగుందంటే చూసిపోదామని వచ్చానండి."

"చూడ్డానికి వచ్చినవాడివి తవ్వుతావేం?"

"అలవాటండి. మేం దేన్నయినా లోపలినుంచే చూస్తాం" అన్నాడు భూషణం మూతి నాక్కుంటూ.

మర్నాటికి గుంటలు పెరిగాయి. ఆ మర్నాడు ఒక ఇప్పచెట్టు పక్కకు ఒరిగింది. గుబురన్నకు తిండి సయించలేదు. చివరికి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కొండ దిగి అడవి నడుమనున్న సభకు బయల్దేరాడు. ఆయన చేసిన పొరపాటల్లా అదే.

ఆ అడవికి రాజు పెద్దిరాజు అనే పులి. వయసు మళ్ళింది గనక ఇప్పుడు వేటకు బదులు ప్రసంగాలు చేసేవారు. కార్యదర్శి పట్టాభి, ఉడుము. రాజులు మారారు గాని కార్యదర్శి మారలేదు. ఒకసారి తుపాను వచ్చి సభాస్థలిలో చెట్లన్నీ కూలిపోతే, పట్టాభి మాత్రం తన బండకు కరుచుకుని అలాగే ఉన్నాడట. అప్పటినుంచి ఆయన్ను కదిలించే ఆలోచన ఎవరూ చేయలేదు.

గుబురన్న సభలో నిలబడి మొదట కొంచెం వణికాడు. కొండమాట ఎత్తగానే భయం పోయింది. గడ్డి ఎంత మెత్తనో చెప్పాడు. ఊటనీళ్ళు ఎంత చల్లనో చెప్పాడు. సాయంత్రం పూట అక్కడి గాలి పీలిస్తే కడుపు నిండినట్టే ఉంటుందన్నాడు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. సభంతా నోళ్ళు తెరుచుకుని విన్నది.

పెద్దిరాజుగారు మీసం దువ్వి, "ఇంత మంచి కొండ మన అడవిలో ఉందని ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డారు.

"ఆ పందికొక్కును ఒక్కమాట పొమ్మంటే చాలండి, ప్రభువులు" అన్నాడు గుబురన్న.

పట్టాభి జాలిగా నవ్వాడు. "పందికొక్కును పొమ్మనడం పరిపాలన కాదు గుబురన్నగారూ. అది ఉత్త మాట. మనం చెయ్యవలసింది పథకం."

అలా ఆ పూటే దూరాల కొండ సమగ్ర సంరక్షణ మండలి పుట్టింది. దానికి అధ్యక్షుడు ఎవరు? కొండను అంతగా ప్రేమించేవాడే ఉండాలి గదా! గుబురన్న మెడలో మోదుగపూల దండ పడింది. నెత్తిమీది బొచ్చులో ఒక నెమలీక గుచ్చారు. అధ్యక్షుడికి అది గుర్తన్నమాట.

"నాకెందుకండీ ఇవన్నీ" అన్నాడు గుబురన్న సిగ్గుపడుతూ. అన్నాడే గాని, తిరిగొస్తూ వాగు దగ్గర ఆగి నీళ్ళలో తన నీడ చూసుకున్నాడు. ఎడమవైపునుంచి చూసుకున్నాడు. కుడివైపునుంచి చూసుకున్నాడు. కుడివైపునుంచే ఈక బాగా కనిపిస్తోందని తేల్చుకుని, అప్పటినుంచి అందరికీ కుడివైపే చూపించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

మండలి మొదటి తీర్మానం: కొండమీద ఇకనుంచి ఏ ప్రాణీ కాలు మోపరాదు.

"మంచిదండి. ఆ భూషణం పీడ విరగడవుతుంది" అని సంతోషించాడు గుబురన్న. లేచి ఇంటికి బయల్దేరబోతే పట్టాభి అడ్డుపడ్డాడు.

"ఎక్కడికి?"

"ఇంటికండీ. కొండమీదికి."

"అధ్యక్షులే కాలు మోపితే మిగతావాళ్ళు ఊరుకుంటారా? మీకు ఇక్కడే విడిది చూశాం."

విడిది అంటే సభ వెనక ఒక గుహ. అందులో గబ్బిలాలు అంతకుముందే కాపురమున్నాయి. ఆ కంపులో పడుకుని గుబురన్న ఊటను తలుచుకున్నాడు. కొండ కోసం ఈమాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలా అని సర్దిచెప్పుకున్నాడు. ఈక నలగకుండా పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఇక అడవిదున్నలను ఖాళీ చేయించాలి. ఆ మందకు పెద్ద గౌరమ్మ. గొడ్డలిపెట్టు లాంటి నోరు ఆమెది. గుబురన్న చిన్నప్పటినుంచీ ఆమెను అత్తా అనే పిలిచేవాడు. కొండ మొదట్లో నిలబడి, కుడివైపు తిరిగి, ఆయన తీర్మానం వినిపించాడు.

గౌరమ్మ నెమరు ఆపి చూసింది. "ఒరే అల్లుడూ, నెత్తిన ఆ ఈకేమిట్రా? ఏ నెమలితోనైనా తగాదా పడ్డావా?"

"మండలి గుర్తత్తా. అధ్యక్షుణ్ణి."

"అధ్యక్షుడివైతే నాకు గడ్డి లేకుండా చేస్తావా?"

"గడ్డిని కాపాడాలి అత్తా."

"ఎవరినుంచి?"

పక్కనే ఉన్న పట్టాభి అందుకుని, "మేసేవారినుంచి" అన్నాడు.

"గడ్డి మేయక నేను నీ తోక మేయనా?" అని గౌరమ్మ కొమ్ము విసిరింది. పట్టాభి రాతిసందులోకి దూరాడు. అక్కడినుంచే ఆమెకు నచ్చజెప్పాడు: కొండ అవతల మెరకలో కూడా గడ్డి ఉంది. చేదైతే చేదే, కడుపులోకి పోయాక రుచి ఎవరు చూడొచ్చారు?

గౌరమ్మ వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుబురన్నవైపు ఒకసారి చూసింది. తిట్టలేదు. ఆమె తిట్టకుండా వెళ్ళడం గుబురన్న ఎన్నడూ ఎరగడు. ఆ రోజంతా ఆయనకు గుండెలో ముల్లు దిగినట్టుంది.

మంద పోయింది, కొండ నిర్మానుష్యం... కాదు, నిర్జంతుకం అయింది. అయితే కింద చప్పుడు మాత్రం ఆగలేదు. నేలమీద చెవి ఆనిస్తే కరకర, కరకర వినిపించేది. భూషణం ఇప్పుడు ఒక్కడు కాదు. బంధువర్గాన్నంతా దింపాడు.

గుబురన్న మండిపడుతూ అతన్ని సభకు పిలిపించాడు. "కొండమీద ఎవరూ కాలు మోపకూడదని తెలియదా?"

"అక్షరాలా పాటిస్తున్నామండి. నిషేధం కొండ మీద. మేముండేది కొండ కింద."

సభ ఆలోచనలో పడింది. పట్టాభి, "మాట న్యాయంగానే ఉంది" అన్నాడు.

"పైగా ప్రభువులకు చిన్న కానుక" అంటూ భూషణం ఒక తెల్లమట్టి ముద్ద తెచ్చి పెద్దిరాజుగారి ముందు పెట్టాడు. పెద్దిరాజుగారు అనుమానంగా నాలుక ఆనించారు. తర్వాత ఆపలేకపోయారు. కొండ కడుపులో ఉన్నది ఉప్పుమట్టి! అడవిలో ఉప్పంటే ఎవరికి ప్రాణం లేచిరాదు? ముద్దలు చేతులు మారాయి. జింకలు నాకాయి, కుందేళ్ళు నాకాయి. పట్టాభి తన వాటాకు కరుచుకున్నాడంటే ముద్ద అయిపోయేదాకా ఊడిరాలేదు.

ఒక ముద్ద గుబురన్న ముందుకు కూడా వచ్చింది. "నాకొద్దు" అన్నాడు. దాని వాసన కొండ వాసనే. కొండ వదిలి వచ్చి ఎన్నాళ్ళయిందో గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని ఒక్కసారి నాకాడు. కళ్ళు తెరిచేసరికి ముద్ద లేదు.

ఇక ఏమంటాడు? ఉప్పు తిన్నాక నోరు విప్పడం మర్యాద కాదని ఆ అడవిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఉప్పు తిన్నవాళ్ళకు దాహమూ పెరిగింది. అందరూ వాగుమీద పడి తాగారు. అదేమి చిత్రమో, తాగేకొద్దీ వాగు సన్నబడింది. కొండ కింద భూషణం బంధువులు తవ్విన సొరంగాల్లోకి ఊట దారి తప్పిపోయింది. వాగు మొదట పాయగా, తర్వాత తడిగా, చివరికి ఇసకగా మారింది. ఆ ఏడు ఎండలూ అలాగే కాశాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అడవిలో రోళ్ళు లేవు గనక నేలే పగిలింది.

కొండమీద మేసే నోరు లేక గడ్డి గుబురన్న తల దాటి పెరిగింది. పెరిగి, ఎండి, గాలి వీస్తే గలగలమంటోంది. దూరంనుంచి అది చూశాడు గుబురన్న. పరుగున పట్టాభి దగ్గరికి పోయాడు.

"కార్యదర్శిగారూ, నిప్పురవ్వ పడితే కొండ మిగలదు. గౌరమ్మత్త మందను వెనక్కి పిలుద్దాం. ఆ గడ్డి మేసేస్తారు."

"ఏమిటండీ మీరనేది? పోయినేడు గడ్డి మోకాలెత్తు. ఈ ఏడు నిలువెత్తు. ఇది మండలి సాధించిన విజయం. విజయాన్ని తీసుకెళ్ళి దున్నలకు మేపుతారా?"

"మరి నిప్పు?"

"దానికి వేరే శాఖ ఉండాలి" అన్నాడు పట్టాభి. ఆ సాయంత్రానికల్లా ఉంది కూడా.

అగ్నిమాపక దళానికి అధిపతిగా కొమ్మేశ్వరరావు అనే కోతిని వేశారు. అర్హత ఏమిటని అడిగితే, "మా వంశానికి నిప్పుతో చాలా పాత పరిచయం ఉందండి" అని తోక చూపించాడు. ఆ మాటతో సభ ఒప్పుకుంది. అంటించిన వంశమో, ఆర్పిన వంశమో ఎవరూ తరచి అడగలేదు.

అప్పుడు భూషణం లేచాడు. ఇప్పుడతను సభలో ముందువరసలో కూర్చుంటున్నాడు.

"ప్రభువులు చిత్తగించాలి. చెట్టు కాలుతుంది. గడ్డి కాలుతుంది. గుంట కాలుతుందా? గుంట తగలబడిందని మీలో ఎవరైనా విన్నారా?"

ఎవరూ వినలేదు.

"అంచేత కొండను ఎంత మేర గుంట చేస్తే అంత మేర నిప్పునుంచి కాపాడినట్టు. సొరంగాలతో ఎన్నాళ్ళని సరిపెట్టుకుంటాం? పైనుంచే ఒక పెద్ద గుంట తీద్దాం. అగ్నినిరోధక గుంట. అందులో వచ్చే ఉప్పు సంగతి అంటారా, అది ఎలాగూ వస్తుంది."

"గుంట చేస్తే ఇక కొండెక్కడుంటుందయ్యా!" అని గుబురన్న అరిచాడు.

"ఎక్కడికీ పోదండి" అన్నాడు భూషణం ఓర్పుగా. "గుంటంటే బోర్లించిన కొండే కదా? ఎత్తు ఎంతో లోతూ అంతే. ఒక్క పిసరు తగ్గితే నన్నడగండి."

పెద్దిరాజుగారికి ఈ వాదన బాగా నచ్చింది. దాన్ని తన తర్వాతి ప్రసంగంలో తన మాటగా వాడుకున్నారు. కొండ మొదట్లోనే, సభాస్థలి వైపు, పెద్ద గుంట పడింది.

ఇంత చేశాక అడవికంతా తెలియాలి గదా. అగ్ని నివారణ వారోత్సవాలు జరపాలని నిర్ణయించారు. వేదిక కొండ మొదట, గుంట ఒడ్డున. ప్రారంభ కార్యక్రమం: కొమ్మేశ్వరరావు దళం మంట ఆర్పి చూపించడం.

"ఏ మంట?" అన్నాడు గుబురన్న.

"నమూనా మంట" అన్నాడు పట్టాభి. "మంట లేందే ఆర్పడం ఎలా చూపిస్తారు?"

కొమ్మేశ్వరరావు ఒక అగ్గిపెట్టె తెచ్చి ఉంచాడు. అడవి అంచుకు విహారానికి వచ్చిన మనుషుల సంచిలోంచి లాక్కొచ్చిందది.

"అంటిస్తే అంటించారు, ఆ ఎండుగడ్డి పక్కనెందుకండీ? దూరంగా వాగు ఇసకలో అంటించండి."

"ఇసకలో మంట అంటుకోదు. రాజుగారి ముందు కార్యక్రమం రసాభాస అవుతుంది. అధ్యక్షులు ఇలాంటప్పుడు అపశకునం మాటలు అనకూడదు" అని పట్టాభి కసిరి, గుబురన్నను వేదికమీద రాజుగారి కుడిపక్కన కూర్చోబెట్టాడు. జనం చూసేది కుడివైపునుంచి. ఈక చక్కగా కనిపిస్తోంది. గుబురన్నకు మాత్రం ఆ ఈక నెత్తిమీద బండలా బరువనిపించింది.

మిట్టమధ్యాహ్నం. పెద్దిరాజుగారి ప్రసంగం మొదలైంది. కొమ్మేశ్వరరావు పుల్ల గీశాడు. గడ్డి భగ్గుమంది.

"ఈ చిన్న మంటను చూడండి" అన్నారు పెద్దిరాజుగారు, దానికి వీపు పెట్టి. "ఇది మన అదుపులో ఉన్న మంట..."

మంట ఒక పొద దాటింది.

కోతులు వరసగా నిలబడి ఆకుదొప్పలు అందించుకోవడం మొదలుపెట్టాయి. ఎంత ముచ్చటగా అందించుకున్నాయని! ఒక్క దొప్ప కింద పడలేదు. చివరి కోతి దొప్పను మంటమీద వంచేది, ఖాళీ దొప్ప వెనక్కి వచ్చేది, మళ్ళీ ముందుకు పోయేది. గుబురన్న కళ్ళు చికిలించి చూశాడు. ముందుకు పోయేవీ ఖాళీ దొప్పలే!

"నీళ్ళేవయ్యా కొమ్మేశ్వరరావూ!"

"వాగు ఎండిపోయింది కదండీ. నమూనా మంటే గదా, నమూనా నీళ్ళు చాలనుకున్నాం."

గడ్డి చిటపట చిటపటమని కాలుతోంది. పెద్దిరాజుగారు ఆ చప్పుడు చప్పట్లనుకుని తల వంచి, "మీ అభిమానానికి ధన్యవాదాలు" అన్నారు. చప్పట్లు ఆగకపోయేసరికి మురిసిపోయి ప్రసంగం ఇంకొంచెం పొడిగించారు. రాజుగారు మాట్లాడుతుండగా లేవడం మర్యాద కాదు గనక సభికులంతా దగ్గుతూ కూర్చున్నారు. తోక చివర చురుక్కుమన్నాక గాని రాజుగారు వెనక్కి తిరగలేదు.

"ఇది అదుపులో లేదే!" అన్నారు.

ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. "గుంటలోకి! గుంటలోకి!" అని భూషణం కేకపెట్టాడు. రాజు, కార్యదర్శి, దళాధిపతి, దళం, జింకలు, కుందేళ్ళు, అందరూ ధబధబ గుంటలోకి దూకారు.

గుబురన్న దూకలేదు. ఆయనకు ఎందుకో ఊట గుర్తొచ్చింది. అక్కడ ఒక్క దోసెడు నీళ్ళున్నా... ఒక్క దోసెడుతో కొండ ఆరుతుందా? అంత ఆలోచించే తీరిక లేదు. మంట పక్కనుంచి పైకి పరుగెత్తాడు. కాలు మోపరాదన్న తీర్మానం చేసినవాడు, దాన్ని మొదట మీరినవాడు కూడా ఆయనే.

ఊట దగ్గర రాయి వేడెక్కి ఉంది. పగుల్లో చెయ్యి పెట్టాడు. ధూళి వచ్చింది. లోపల తడి ఉందేమోనని మోచేతిదాకా దూర్చాడు. ఏమీ లేదు. ఆయన చిన్ననాటినుంచీ కాళ్ళు తడుపుకున్న చోటు.

అంతలో వెనకనుంచి మంట అందుకుంది. వీపు బొచ్చు అంటుకుంది. నెమలీక ఒక్క వెలుగు వెలిగి మాడిపోయింది. గుబురన్న శిఖరం దాటి, కాళ్ళు తడబడి, అవతలివైపు బంతిలా దొర్లాడు. రాళ్ళమీద దొర్లి, ముళ్ళమీద దొర్లి, ఎక్కడో మెత్తటి నేలమీద వచ్చి ఆగాడు. ఆ దొర్లడంలోనే ఒంటిమీది మంట ఆరిపోయింది.

కళ్ళు తెరిస్తే ఎదురుగా నాలుగు గిట్టలు. గౌరమ్మ.

గుబురన్న వెనక్కి చూశాడు. మంట ఉరుముతూ దిగి వస్తోంది. వచ్చి వచ్చి, ఆ మెరక అంచున నిలబడిపోయింది. కొండమీదినుంచి తరిమేసిన కోపంలో గౌరమ్మ మంద ఆ మెరకంతా వేళ్ళతో సహా కొరికి పెట్టింది. మంటకు తినడానికి ఒక్క పరక లేదు. కాసేపు అటూ ఇటూ నాలుకలు చాపి, ఆకలికి సొమ్మసిల్లినట్టు చచ్చిపోయింది. ఆ అడవిలో ఎవరూ సంరక్షించని చోటు అదొక్కటే.

"కొండ పోయిందత్తా" అన్నాడు గుబురన్న. "కాపాడదామనే అత్తా వెళ్ళి చెప్పాను. నేనే చెప్పాను వాళ్ళకి. ఎంత బాగుంటుందో నేనే చెప్పాను." ఎలుగుబంటి ఏడుపు అదివరకు ఆ మందలో ఎవరూ వినలేదు. దూడలు తల్లుల వెనక్కి జరిగాయి.

గౌరమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు రాలేదు. వంగి, కాలిన ఆయన వీపును గరుకు నాలుకతో మెల్లగా నాకింది.

"ఉప్పగా ఉన్నావురా అల్లుడూ" అంది.

వారం తర్వాత సభ కూడింది. గుంటలో దూకినవాళ్ళంతా మసిపూసుకున్న మొహాలతో క్షేమంగా ఉన్నారు. జరిగినదానిపై పట్టాభి నివేదిక వినిపించాడు.

"కొండ అంతా కాలింది. కాలనిది గుంట ఒక్కటే. అంటే మన సంరక్షణ ఎంతమేర జరిగిందో అంతమేర కొండ క్షేమంగా ఉన్నట్టు. లోపమల్లా గుంట చిన్నది కావడం."

సభ చప్పట్లు కొట్టింది. ఈసారి నిజమైన చప్పట్లే. మంటను అందరికంటే ముందు గుర్తించినందుకు కొమ్మేశ్వరరావును సన్మానించారు. ఇకనుంచి అడవిలో ప్రతి కొండకూ ముందుజాగ్రత్తగా ఒక గుంట తవ్వాలని, ఆ బాధ్యత భూషణానికి అప్పగించాలని తీర్మానించారు. దూరాల కొండలో ఇక సంరక్షించడానికి ఏమీ మిగల్లేదు గనక అక్కడ మండలిని ఎత్తేశారు. అధ్యక్షుడి పదవి దానంతటదే పోయింది.

"ఇప్పుడు సంరక్షణ అవసరమైన కొత్త ప్రాంతాలు కావాలి" అన్నారు పెద్దిరాజుగారు. "మీ మీ తావుల్లో అందమైన కొండలు, గుట్టలు, లోయలు ఉంటే సంకోచించకుండా చెప్పండి."

జింకలు నేలచూపులు చూశాయి.

"మా లోయ ఒట్టి తేళ్ళ పుట్టండి ప్రభూ" అన్నదో జింక.

"మా గుట్టమీద నిలబడితే కళ్ళు తిరుగుతాయండి. పైగా కంపు" అన్నదో కుందేలు.

"మాదసలు గుట్టే కాదండి. కొంచెం ఉబ్బిన నేల" అన్నదింకొకటి.

అడవిలో ఇంత అసహ్యం ఉందని పెద్దిరాజుగారు ఆరోజే తెలుసుకుని చాలా బాధపడ్డారు.

గుబురన్న ఆ సభకు వెళ్ళలేదు. మాడిన కొండమీదికి తిరిగి వచ్చేశాడు. కాలు మోపవద్దనేవాళ్ళెవరూ లేరు. నల్లటి బూడిదలో నల్లటి ఎలుగుబంటి. దూరంనుంచి చూస్తే ఉన్నట్టే తెలియదు. మృగశిర కార్తె వానలు పడ్డాయి. గుంటలోకి నీళ్ళు చేరి, ఉప్పంతా కరిగి, సొరంగాలు కూలి, భూషణం బంధువర్గం మూటాముల్లె సర్దుకుని వేరే పథకాలు వెతుక్కుంటూ పోయింది. సొరంగాలు పూడుకున్నాక కొండ కడుపులో నీళ్ళు తమ పాత దారి తాము వెతుక్కున్నాయి.

ఒక ఉదయం గుబురన్న బూడిదలో ఒక పచ్చటి చుక్క చూశాడు. పక్కన ఇంకొకటి. గుక్క తిప్పుకోకుండా అవతలికి పరుగెత్తి గౌరమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె మందను తోలుకొచ్చింది. అంతలో ఊట దగ్గర రాయి తడిసింది. తర్వాత బొట్టు కట్టింది. తర్వాత జారింది.

సరిగ్గా అప్పుడే కిందినుంచి ఆయాసపడుతూ పట్టాభి ఎక్కి వస్తున్నాడు. అందమైన చోటు అడవిలో ఒక్కటీ దొరక్క, పాతవాటినే ఇంకోసారి తనిఖీ చేస్తున్నాడట.

గుబురన్న గౌరమ్మవైపు చూశాడు. గౌరమ్మ మందవైపు చూసింది. దున్నలన్నీ ఎక్కడివక్కడ కూలబడి పడుకున్నాయి. కొత్తగా మొలిచిన ప్రతి పరకమీదా ఒక పొట్ట వచ్చి వాలింది. గుబురన్న వెళ్ళి ఊటమీద చతికిలబడ్డాడు.

పట్టాభి వచ్చి నలువైపులా చూశాడు. "ఏమండీ గుబురన్నగారూ, ఎలా ఉంది కొండ?"

"ఏం కొండండీ, బూడిదకుప్ప. రాత్రయితే దోమలు, పగలయితే ఈగలు."

"దున్నలన్నీ పడిపోయాయేం?"

"ఏదో జాడ్యం. అంటుకునే రకమండి" అన్నాడు గుబురన్న. గౌరమ్మ నాలుక బయటికి వేలాడేసి గట్టిగా మూలిగింది.

పట్టాభి రెండడుగులు వెనక్కి వేశాడు. వేసినవాడు వేసినట్టే ఆగి, గుబురన్న కిందికి తేరిపార చూశాడు. అక్కడినుంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి.

"అదేమిటండీ, మీ కిందినుంచి... నీళ్ళలా ఉన్నాయే?"

అడవిదున్నలన్నీ ఊపిరి బిగబట్టాయి.

"వయసు మీద పడుతోంది కదండీ కార్యదర్శిగారూ" అన్నాడు గుబురన్న తల వంచుకుని. "ఆగడం లేదు."

"అయ్యయ్యో" అని పట్టాభి చటుక్కున మొహం తిప్పుకున్నాడు. "పరవాలేదు, పరవాలేదు. మీరు లేవకండి." అని, కనీసం వెనక్కి కూడా చూడకుండా, ఏ బండనూ పట్టుకోకుండా చరచర దిగి వెళ్ళిపోయాడు.

ఆయన కనుమరుగయ్యేదాకా గుబురన్న కదల్లేదు. చల్లటి నీళ్ళు ఆయన కిందినుంచి దారి చేసుకుని వాగువైపు నడిచాయి.

కాబట్టి తెలివైనవాళ్ళు గ్రహించవలసిందేమిటంటే: కొండను కాపాడేవాడు పరువు పోగొట్టుకున్నా పరవాలేదు గాని, పదవి మాత్రం పుచ్చుకోరాదు.